రోబో ఇసుక బీమ్‌ల పరిశోధన పత్రాన్ని ఏ జర్నల్‌కు, ఎలా పంపాలి?

ప్రశ్న: కాకినాడ సమీపంలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. గోదావరి ఇసుకతో ఆరు, రోబో ఇసుకతో (క్రషర్‌లో రాయిని పొడిచేసి తీసే ఇసుక) ఆరు ఆర్‌సీసీ (ఉక్కు కడ్డీలు వేసిన కాంక్రీటు) బీమ్‌లు పోతపోసి, స్టిరప్‌లు (బీమ్‌లో అడ్డంగా చుట్టే ఉక్కు రింగులు) లేకుండా షియర్‌లో, అంటే వాలుగా పగిలి కోసుకుపోయే తీరులో, విఫలమయ్యేదాకా పరీక్షించాను. బీమ్ కొలత 200×300 మి.మీ., ప్రభావిత లోతు (పైఅంచు నుంచి కింది కడ్డీల మధ్య దాకా) 260 మి.మీ.; షియర్ స్పాన్‌కూ (భారం నుంచి ఆధారం దాకా దూరం) లోతుకూ నిష్పత్తి 2, 3; ఉక్కు మూడు శాతాల్లో; ప్రతి రకానికీ ఒక్క బీమ్. కాంక్రీటు ఎం30 గ్రేడు. పరీక్ష కోసం పోసిన క్యూబ్‌ల సగటు బలం నది ఇసుకకు 36.4, రోబో ఇసుకకు 41.2 మెగాపాస్కల్. రోబో ఇసుక బీమ్‌లు సగటున 9 శాతం ఎక్కువ భారం మోశాయి. మొత్తం మీద మన కాంక్రీటు డిజైన్ కోడ్ ఐఎస్ 456 లెక్క కన్నా 60 శాతం ఎక్కువ బలం కనిపించింది. పత్రాన్ని ఒక అంతర్జాతీయ జర్నల్‌కు పంపితే, సమీక్షకులకు పంపకుండానే ‘కొత్తదనం చాలదు’ అని ఎడిటర్ తిప్పి పంపారు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నల్ ఉందని సహోద్యోగి అంటున్నారు. మా విభాగాధిపతి తన పేరు కూడా చేర్చమంటున్నారు. ఇవే ఫలితాలను బలం మీద ఒకటి, పగుళ్ల మీద ఒకటిగా రెండు పత్రాలు చేయవచ్చా? దయచేసి దారి చూపగలరు.

సమాధానం: మీరు జతపరచిన పత్రాన్ని పూర్తిగా చదివాను. మీ ప్రయోగం బాగుంది. పత్రం ఇంకా థీసిస్ రూపంలోనే ఉంది. కాంక్రీటు చరిత్ర, నదుల్లో ఇసుక తవ్వకాల వల్ల కలిగే నష్టం, పూర్వ పరిశోధనల వరుస జాబితా, ఇవన్నీ దాటుకుని తొమ్మిదో పేజీకి వస్తేగాని మీరేం చేశారో తెలియడం లేదు. ఎడిటర్ అంత దూరం రారు. శీర్షిక, సారాంశం, ముగింపు, ఒకటి రెండు బొమ్మలు చూసి, ఈ పత్రం ఏ ప్రశ్నకు ఏ జవాబు చెబుతోందో తేలకపోతే అక్కడే ఆపేస్తారు. ‘రోబో ఇసుక కాంక్రీటు బీమ్‌ల ప్రవర్తనపై ప్రయోగాత్మక అధ్యయనం’ అన్న మీ శీర్షికలో ప్రశ్నా లేదు, జవాబూ లేదు. కాబట్టి జర్నల్ ఎంపిక కన్నా ముందు, మీ పన్నెండు బీమ్‌లు నిజంగా ఏ మాటను నిలబెట్టగలవో తేల్చుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ దాని వెంటే వస్తాయి.

రోబో ఇసుక వల్ల షియర్ బలం 9 శాతం పెరిగిందని మీరు సారాంశంలోనూ ముగింపులోనూ రాశారు. అయితే రెండు కాంక్రీట్ల క్యూబ్ బలాలు ఒకటి కావు. 41.2ను 36.4తో భాగిస్తే 1.132 వస్తుంది, దాని వర్గమూలం 1.064. అమెరికా కోడ్ ఏసీఐ 318 ప్రకారం కాంక్రీటు షియర్ బలం దాని సంపీడన బలపు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి, మీ 9 శాతంలో 6.4 శాతం కేవలం కాంక్రీటు గట్టిగా కుదరడం వల్లనే వచ్చిందని ఏ సమీక్షకుడైనా కాలిక్యులేటరుతో చెప్పగలడు. అప్పుడు ఇసుక ఖాతాలో మిగిలేది రెండున్నర శాతం లోపే. స్టిరప్‌లు లేని బీమ్‌ల షియర్ పరీక్షల్లో ఒకే రకం బీమ్‌ల మధ్య కూడా అంతకన్నా ఎక్కువ తేడా రావడం మామూలే. పైగా మీరు ప్రతి రకానికీ ఒక్క బీమే పరీక్షించారు.

మన కోడ్‌తో చూస్తే కథ మారుతుంది. ఐఎస్ 456:2000 పట్టిక 19లో ఒక శాతం ఉక్కుకు కాంక్రీటు షియర్ బలం ఎం30 దగ్గర 0.66, ఎం40 దగ్గర 0.68 మెగాపాస్కల్ ఉంటుంది; అంటే గ్రేడుతో పెరుగుదల నామమాత్రం. ఆ పట్టిక ప్రకారం క్యూబ్ బలాల తేడా ఒకటి రెండు శాతాన్నే వివరిస్తుంది, మిగతాది ఇసుకదే అనిపిస్తుంది. రెండు కోడ్‌లు రెండు రకాలుగా చెబుతున్నప్పుడు, ‘పెరిగింది’ అన్న మాట ఒక లెక్కలో నిలుస్తుంది, ఇంకో లెక్కలో దాదాపు కరిగిపోతుంది. ‘నది ఇసుక స్థానంలో రోబో ఇసుక వాడితే ఈ కొలతల బీమ్‌లలో షియర్ బలం తగ్గిన ఆధారం కనబడలేదు’ అన్న మాట మాత్రం రెండింటిలోనూ నిలుస్తుంది. డిజైన్ ఇంజనీరుకు పనికొచ్చేది కూడా ఈ రెండో మాటే. నది ఇసుక అందక రోబో ఇసుక వాడే చోట, పాత పట్టికనే వాడవచ్చా అన్నదే అతని సందేహం. దానికి మీ ఆరు జతలు పరిమితమైనదే అయినా నేరుగా జవాబు ఇస్తాయి. మీ పత్రం ఈ వాక్యం చుట్టూ తిరగాలని నా అభిప్రాయం.

ఇక ఆ 60 శాతం సంగతి. ఐఎస్ 456 పట్టిక విలువలు డిజైన్ కోసం ఇచ్చినవి. ఐఎస్ 456కు వివరణ పుస్తకమైన ఎస్‌పీ 24లో చూస్తే ఆ సూత్రంలో భద్రత కోసం చేర్చిన 0.85 గుణకం ముందే కలిసి ఉంది. పరీక్ష ఫలితాన్ని దానితో నేరుగా పోల్చితే కోడ్ భద్రతనే మీరు కొత్త ఫలితంగా చూపించినట్లవుతుంది. ఆ గుణకాన్ని తీసేస్తే మీ 1.60 కాస్తా 1.36 అవుతుంది. దానికి తోడు మీరు కాంక్రీటు బలంగా 30నే వేశారు. ఎం30 అనేది లక్షణ బలం (నూటికి ఐదు నమూనాలకు మించి అంతకన్నా తగ్గకూడని బలం), మిక్స్ డిజైన్ లక్ష్యమే 38.25. పోలికకు ఎప్పుడూ పరీక్ష రోజున కొలిచిన సగటు బలాన్నే వాడాలి. ఉక్కుకు కూడా ‘ఎఫ్‌ఈ 500’ అని గ్రేడు మాత్రం రాసి వదలకుండా, వాడిన కడ్డీల నమూనాలకు చేసిన టెన్షన్ పరీక్ష ఫలితాన్ని ఇవ్వాలి. ఏసీఐ సూత్రంలో వాడేది 150×300 మి.మీ. సిలిండర్ బలం. మీరు క్యూబ్ బలాన్నే అందులో వేశారు. సిలిండర్ బలం క్యూబ్ బలంలో సుమారు 0.8 వంతు అనుకుంటే, ఒక్క ఈ పొరపాటుతోనే అంచనా దాదాపు 12 శాతం పెరిగిపోతుంది. సిలిండర్లు పోసి ఉంటే ఆ ఫలితాలు ఇవ్వండి, లేకపోతే 0.8 గుణకం వాడామని స్పష్టంగా చెప్పండి.

మరో ముఖ్యమైన విషయం, నిష్పత్తి 2 ఉన్న బీమ్‌లనూ 3 ఉన్న బీమ్‌లనూ కలిపి సగటు తీయడం. ఈ నిష్పత్తి సుమారు 2.5 కన్నా తగ్గినప్పుడు భారం ఆర్చిలాగా నేరుగా ఆధారాలకు చేరడం మొదలవుతుంది. వాలు పగులు వచ్చిన తరువాత కూడా బీమ్ ఇంకా భారం మోస్తుంది. అందువల్ల మొదటి వాలు పగులు భారం, గరిష్ఠ భారం రెండూ వేర్వేరు గళ్లలో ఉండాలి, రెండు వర్గాల సగటులూ విడివిడిగా ఉండాలి. రోబో ఇసుక రేణువుల మొన తేలిన ఆకారం పగులు ముఖాల మధ్య పట్టును పెంచుతుందని మీరు చర్చా భాగంలో ఊహించారు. అది చూపాలంటే నిష్పత్తి 3 ఉన్న మూడు జతలే సరైన చోటు, ఎందుకంటే అక్కడ ఆర్చి ప్రభావం అడ్డురాదు. కొలత లేని చోట దాన్ని ఊహగానే రాయండి.

ఫలితాల పట్టిక విషయంలో నేను పట్టుబట్టేది ఒకటే: మీ ల్యాబును ఎన్నడూ చూడని ఇంజనీరు మీ పట్టిక ముందు పెట్టుకుని తన సూత్రంతో పన్నెండు బీమ్‌లనూ మళ్లీ లెక్కవేసుకోగలగాలి. దానికి ప్రతి బీమ్‌కూ కొలిచిన వెడల్పు, ప్రభావిత లోతు, షియర్ స్పాన్, ఆధారపు పలక వెడల్పు, ఉక్కు వైశాల్యం, కడ్డీ వ్యాసం, కడ్డీల చివరలను ఎలా బిగించారన్నది, కంకర గరిష్ఠ పరిమాణం, పరీక్ష నాటి కాంక్రీటు వయసు, బలం, పగులు భారం, గరిష్ఠ భారం, విఫలమైన తీరు ఉండాలి. ప్రపంచంలో జరిగిన షియర్ పరీక్షలను ఒకచోట చేర్చే డేటాబేస్‌లు ఉన్నాయి. ఇలాంటి వివరం ఒక్కటి లోపించినా మీ బీమ్‌ను పక్కన పెట్టేస్తారు. మీ పత్రం పదేళ్ల తరువాత కూడా బతికి ఉండేది చర్చా భాగం వల్ల కన్నా ఈ పట్టిక వల్లనే. రోబో ఇసుకను గురించి కూడా ‘స్థానిక క్రషర్ నుంచి’ అన్నంతటితో సరిపెట్టకండి. ఏ రాయి, జల్లెడ విశ్లేషణ, నీటి పీల్పు, ముఖ్యంగా 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి ఎంత శాతమో చెప్పాలి. ఐఎస్ 383:2016 క్రషర్ ఇసుకలో ఈ పొడిని 15 శాతం దాకా అనుమతిస్తుంది కాబట్టి, మీ ఇసుక 4 శాతం దగ్గరుందా 14 శాతం దగ్గరుందా అన్నది చదివేవారికి చాలా తేడా. ఇసుక సంచి ఏదైనా ల్యాబులో మిగిలి ఉంటే ఈ పరీక్ష రేపే చేయించండి.

బొమ్మల్లో పనిముట్ల ఫోటోలు తీసేయండి. లోడింగ్ ఫ్రేము ముందు నిలబడ్డ విద్యార్థుల ఫోటో కూడా. కొలతలతో పరీక్షా ఏర్పాటు గీత ఒకటి చాలు. భారం-వంపు రేఖలను పన్నెండు వేర్వేరు బొమ్మలుగా ఇచ్చారు. నది ఇసుక, రోబో ఇసుక జతను ఒకే అక్షాల మీద గీస్తే ఆరు గ్రాఫులు ఒక్క పేజీలో ఇముడుతాయి, చూడగానే పోలిక తెలుస్తుంది. పగుళ్ల ఫోటోల కన్నా గడులు గీసిన బీమ్ మీద నుంచి ఎత్తి రాసిన పగుళ్ల చిత్రాలు స్పష్టంగా ఉంటాయి. ఎక్సెల్ తెర నుంచి కోసి అతికించిన గ్రాఫులు అచ్చులో మసకబారుతాయి. గీతల బొమ్మలను వెక్టర్ ఫైళ్లుగా (ఎంత పెద్దవి చేసినా మసకబారని రకం) భద్రపరచండి.

ఇప్పుడు జర్నల్ సంగతి. మీ వాదన బీమ్ బలం గురించి కాబట్టి స్ట్రక్చర్ల జర్నలే తగును. ఇసుక రేణువుల సూక్ష్మ నిర్మాణం ప్రధానమైతే మెటీరియల్స్ జర్నల్‌కు వెళ్లాలి. ఈ సరిహద్దు దాటిన పత్రాలు సమీక్ష దాకా వెళ్లకపోవడం సాధారణం. కోడ్ మీద చర్చ భారతీయ ప్రమాణాల చుట్టూ తిరుగుతోంది కనుక, చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-ఎస్‌ఈఆర్‌సీ వెలువరించే ‘జర్నల్ ఆఫ్ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్’, 1927 నుంచి వస్తున్న ‘ఇండియన్ కాంక్రీట్ జర్నల్’ మీ పత్రానికి సహజమైన చోట్లు. ఐఎస్ 456తో రోజూ పనిచేసేవారు వాటిని చదువుతారు. విదేశీ జర్నలే కావాలంటే, అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్‌సీఈ వెలువరించే అదే పేరుగల జర్నల్‌లో పూర్తి పత్రానికి 10,000 పదాల దాకా, టెక్నికల్ నోట్‌కు 3,500 పదాల దాకా పరిమితి ఉంటుంది. మీ పన్నెండు బీమ్‌ల వాదనకు టెక్నికల్ నోట్ సరిగ్గా సరిపోతుంది. అమెరికా కాంక్రీట్ సంస్థ ఏసీఐ వెలువరించే స్ట్రక్చరల్ జర్నల్ అయితే ‘రీసెర్చ్ సిగ్నిఫికెన్స్’ అనే చిన్న భాగాన్ని విడిగా అడుగుతుంది. అక్కడ పైన చెప్పిన వాక్యాన్ని రాయగలిగితే మీ పత్రానికి వెన్నెముక కుదిరినట్లే. ఏ జర్నల్ అయినా పంపే రోజున రచయితల సూచనలను మళ్లీ ఒకసారి చదవండి. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం మాత్రం ఎక్కడా ఒప్పుకోరు.

వారంలో అచ్చువేస్తామనే వారి జోలికి వెళ్లవద్దు. బీమ్ పరీక్షల పత్రాన్ని ఇద్దరు ముగ్గురు సమీక్షకులు నిజంగా లెక్కలు సరిచూస్తూ చదవాలంటే వారం చాలదు, నెలలు పడుతుంది. ఓపెన్ యాక్సెస్ కోసం రుసుము తీసుకునే మంచి జర్నళ్లు ఉన్నాయి, కాబట్టి రుసుము ఒక్కటే తప్పుకు గుర్తు కాదు. పైన చెప్పిన పాత జర్నళ్లలో చందా పద్ధతిలో రుసుము లేకుండా ప్రచురించుకునే వీలు కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ సమీక్ష విషయంలోనూ రుసుముల విషయంలోనూ రచయితలను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పునిచ్చింది. ఒకప్పుడు నమ్మదగిన జర్నళ్లతో యూజీసీ ఇచ్చిన యూజీసీ-కేర్ జాబితా చూసుకుని ధైర్యంగా ఉండేవారు. 2025లో యూజీసీ ఆ జాబితాను ఆపేసి, ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది. అందువల్ల ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవారు నిజంగా ఈ రంగంలో పనిచేస్తున్నారా, గత రెండేళ్ల సంచికల్లో షియర్ మీద మీరు ఉదహరించదగ్గ పత్రం ఒక్కటైనా ఉందా అని మీరే చూడండి. మీ కళాశాలలో ఆ జర్నళ్లు అందకపోతే, పీహెచ్‌డీ నమోదు ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారా ప్రయత్నించండి.

విభాగాధిపతి పేరు విషయంలో మీ ఇబ్బంది అర్థమవుతోంది. ప్రయోగ రూపకల్పనలోనో, పరీక్షల్లోనో, విశ్లేషణలోనో, రచనలోనో వారికి నిజమైన పాత్ర ఉంటే చేర్చండి. ల్యాబు అనుమతి ఇచ్చినందుకైతే కృతజ్ఞతల్లో పేరు రాయడం పద్ధతి. నేరుగా కాదనడం కష్టమైతే జర్నల్ ఫారమ్‌నే ముందు పెట్టండి: చాలా జర్నళ్లు ఇప్పుడు ఒక్కో రచయిత ఏ పని చేశారో విడిగా రాయమంటున్నాయి, ఆ గడి ఖాళీగా ఉంటే ఎలా నింపాలో వారినే అడగండి. గైడు పేరు ఉంటుంది కనుక పేర్ల వరుసను ఆయనతో ఇప్పుడే మాట్లాడుకోండి. పత్రం అంగీకారం పొందాక ఆ చర్చ మరింత కష్టమవుతుంది.

ఇంగ్లీషు సరిదిద్దడానికి ఏఐ సాధనాలు వాడితే ఆ జర్నల్ నియమం చూసి ఆ సంగతి తెలపండి. అవి ఇచ్చిన రిఫరెన్సులను మాత్రం మూలం తెరిచి చూడకుండా ఒక్కటి కూడా చేర్చకండి. మీ సదస్సు పత్రంలో ఇందులోని నాలుగు బీమ్‌ల ఫలితాలు ఇప్పటికే వచ్చాయని రాశారు. అది దాచదగిన విషయం కాదు: కవర్ లెటర్‌లో చెప్పండి, పత్రంలో ఉదహరించండి, కొత్తగా ఏం చేర్చారో ఒక వాక్యంలో రాయండి. సారూప్యత తనిఖీలో ఎలాగూ బయటపడుతుంది. ముందే చెప్పినవారికి దానివల్ల ఇబ్బంది రావడం అరుదు.

సమీక్షలు వచ్చాక ప్రతి వ్యాఖ్యనూ యథాతథంగా రాసి, దాని కింద జవాబు, మార్చిన పేజీ, పంక్తి సంఖ్యలు ఇవ్వండి. ‘సమీక్షకుల సలహా ప్రకారం సవరించాము’ అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ఒక ప్రశ్న తప్పక వస్తుందని ఇప్పుడే రాసిపెట్టుకోండి: ఐఎస్ 456 ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప బీమ్‌లలో కనీస స్టిరప్‌లు తప్పనిసరి కదా, స్టిరప్‌లు లేని బీమ్‌ల వల్ల ఉపయోగమేమిటని. కాంక్రీటు వంతు బలాన్ని విడిగా కొలవడానికి వేరే మార్గం లేదనీ, ఇలాంటి కనీస స్టిరప్‌లు వేయని స్లాబుల డిజైన్‌కు ఆ విలువే ఆధారమనీ జవాబివ్వవచ్చు. రెండో సమీక్షకుడు ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ (బీమ్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో చేసే లెక్క) చేర్చమనవచ్చు. అది మీ వాదనకు అవసరం లేదనుకుంటే మర్యాదగా, కారణంతో కాదనండి; ఎడిటర్లు అలాంటి జవాబును గౌరవిస్తారు. అడిగారు కదా అని చివరి నిమిషంలో ఒక మోడల్ తయారుచేసి ప్రయోగ రేఖ మీద సరిగ్గా కూర్చునేదాకా డైలేషన్ కోణం అనే మోడల్ విలువను మారుస్తూ పోతే, మూడో సమీక్షకుడు దాన్నే పట్టుకుంటాడు.

చివరగా రెండు పత్రాల ఆలోచన. వద్దు. షియర్‌లో బలాన్నీ పగుళ్లనూ విడదీస్తే రెండూ కుంటుతాయి. ఏ పగులు ఎక్కడ తెరుచుకుందో తెలియకుండా బలం గురించి చెప్పే వివరణను ఎవరూ నమ్మరు. రెండో పత్రం కావాలంటే దానికి వేరే ప్రశ్న ఉండాలి, మీ ప్రయోగంలోనే అది మిగిలి ఉంది. ఏసీఐ 318-19లో లోతు పెరిగేకొద్దీ షియర్ బలాన్ని తగ్గించే గుణకం ఒకటి వచ్చింది. మీ 260 మి.మీ. లోతుకు అది 0.99, అంటే లోతు ప్రభావం గురించి ఈ బీమ్‌లు ఏమీ చెప్పలేవు. ఈ సంగతిని మొదటి పత్రంలో పరిమితిగా రాయండి. 1955లో అమెరికాలోని ఒహాయోలో కూలిన వైమానిక దళ గిడ్డంగి బీమ్‌ల లోతు 914 మి.మీ.; షియర్ పరిశోధన అంత ఊపందుకోవడానికి ఆ ప్రమాదం ఒక కారణం. మీరు 560 మి.మీ. ప్రభావిత లోతుతో రెండు జతలు పోస్తే గుణకం 0.79కి దిగుతుంది, రోబో ఇసుకతో కూడా అంతే తగ్గుదల ఉందా అన్నది మంచి రెండో పత్రం. వెడల్పు 200, ఉక్కు ఒక శాతం, నిష్పత్తి 3 అనుకుంటే ఏసీఐ లెక్కలో మొత్తం భారం సుమారు 140 కిలోన్యూటన్లు వస్తుంది, పరీక్షలో ఇంకొంత ఎక్కువే రావచ్చు. మీ ఫ్రేము సామర్థ్యం 500 అని రాశారు గనుక అక్కడ చిక్కు లేదు. బీమ్ మాత్రం 4.2 మీటర్ల పొడవుతో ఒక్కోటి 1.3 టన్నులు తూగుతుంది. పోత పోయకముందే ల్యాబులోని చైన్ బ్లాక్ దాన్ని ఎత్తగలదో లేదో చూసుకోండి.